ఉస్తాద్ నాధిమ్ గారింటి సర్వరు

"ఈ రోజు నుంచి ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య తలుపు అనేదే ఉండదు" అని ఉస్తాద్ నాధిమ్ గారు మైకులో ప్రకటించిన సమయానికి, ఆయన ఇంటి తలుపు దగ్గర కాపలాదారు జువైద్ జనాన్ని వెనక్కి తోస్తున్నాడు. తోయకపోతే ఆ మాట ఎవరికీ వినపడేది కాదు. ముందు వరసలో ఉన్నవాళ్ళంతా కోయబోయే గొర్రెను చూడడానికి ఎగబడుతున్నారు.

ఆ రోజు మా వీధిలో జరిగినది ఈమెయిల్ సర్వరు ప్రారంభోత్సవం.

ఉస్తాద్ గారు మా జిల్లాకి ప్రజాభిప్రాయ ఎలక్ట్రానిక్ స్వీకరణ శాఖ డైరెక్టరు. పేరు పొడుగ్గా ఉంది కదా అని శాఖ పెద్దదనుకోకండి, మనిషి పెద్దవాడు. ఇక నేను, అదే వీధిలో జనరేటరు నడుపుకునేవాణ్ణి. నన్ను అబూ దర్గామ్ అంటారు. ప్రభుత్వ కరెంటు పోగానే వీధికి వెలుగిచ్చేది నేనే, ఆ వెలుగులో తిట్లు తినేదీ నేనే. నా చదువు ఆరో తరగతితో ఆగిపోయింది కాబట్టి గొప్పవాళ్ళు చేసే పనులు నాకు తొందరగా అర్థం కావు. అందుకే మెచ్చుకుంటూ ఉంటాను. అర్థమైనవాళ్ళు మెచ్చుకోవడం ఇంతవరకు నేను చూడలేదు.

"సర్వరు ఆఫీసులో కాకుండా మీ ఇంట్లో ఎందుకు పెట్టారు?" అని ఒక విలేకరి అడిగాడు. కొత్తవాడై ఉంటాడు.

"మన జనం ఉత్తరాలు పరాయి దేశపు కంపెనీల మిషన్లలో పడి ఉండడం సిగ్గుచేటు కాదూ? పోనీ ఆఫీసులో పెడదామంటే గుమాస్తాలు చదువుతారు. నా ఇంట్లో ఉంటే ఎవరూ చదవరు."

"మీరు కూడానా ఉస్తాద్?"

"నేను కూడా" అన్నారు ఉస్తాద్ గారు గంభీరంగా. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత గొర్రెను కోశారు. కొత్త కారు కొన్నప్పుడు చేసినట్టే ఉస్తాద్ గారు నెత్తుట్లో చెయ్యి ముంచి, సర్వరు పెట్టె మీద అయిదు వేళ్ళ ముద్ర వేశారు. ముద్ర కాస్త పక్కకి జరిగి, గాలి ఆడే చిల్లుల్లోకి దిగింది. కొన్నాళ్ళపాటు ఆ గదిలో కబాబు వాసన వచ్చిందని వాళ్ళ వంటమనిషి చెప్పింది. అయినా సర్వరు ఆగలేదు. దానికి వెళ్ళే లైను నాది, గోల్డెన్ లైను. రాత్రీ పగలూ పోని లైను. ఊరంతా చీకటైనా ఆ పెట్టె మీద పచ్చదీపం మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది.

ఇంటింటికీ ఒక కార్డు పంచారు. కార్డుకి ఒకవైపు ఉస్తాద్ గారి ఫోటో, రెండోవైపు ఆ ఇంటికి కేటాయించిన ఈమెయిల్ అడ్రసు, రహస్యపదం. రహస్యపదం వీధి మొత్తానికి ఒక్కటే, ఉస్తాద్ గారి పెద్దబ్బాయి పేరు. ఇక మీద ఫిర్యాదైనా, అభ్యంతరమైనా ఆ అడ్రసు నుంచే రావాలి. కాగితం పట్టుకొస్తే తీసుకోరు. వచ్చిన ప్రతి మెయిలు నకలూ గురువారం పొద్దుగూకగానే, మనిషి చెయ్యి తగలకుండా, దానంతటదే బగ్దాద్‌లోని మంత్రిత్వ శాఖకి వెళ్ళిపోతుంది.

"మనిషి చెయ్యి తగలకుండా!" అని ఉస్తాద్ గారు రెండుసార్లు అన్నారు. చేతికి ఇంకా నెత్తురుంది.

* * *

సర్వరు వచ్చిన కొద్దిరోజులకే రోడ్డు వెడల్పు చేసే ప్లాను కూడా వచ్చింది. మా వీధికి రెండు పక్కలా సమానంగా తీసుకుంటారట. ఒక పక్క ఉస్తాద్ గారి ప్రహరీ గోడ, కాపలా గది పోతాయి. సరిగ్గా ఎదుటి పక్క, సందు మూలన, హాజీ దాఖిల్ సమూన్ రొట్టెల బేకరీ. ప్లానులో గీత అతని పొయ్యి నడుమ నుంచి పోతోంది.

హాజీ దాఖిల్ సైన్యం నుంచి తిరిగొచ్చాక తన చేత్తో ఇటుకమీద ఇటుక పేర్చి కట్టుకున్న పొయ్యి అది. తెల్లారేసరికి దాని ముందు వీధంతా సంచులు పట్టుకుని నిలబడుతుంది. పడవ ఆకారంలో, మధ్య ఉబ్బి, రెండు కొసలూ కరకరలాడే సమూన్లు. ఉస్తాద్ గారి సంచీ పట్టుకుని జువైద్ కూడా వస్తాడు. అతను మాత్రం వరసలో నిలబడడు.

"పొయ్యిని సగానికి కోస్తే సగం పొయ్యి మిగలదయ్యా, ఉత్త గోడ మిగుల్తుంది" అన్నాడు దాఖిల్, ప్లాను చూసి. "నాకు వేరే పని రాదు. నలుగురు ఆడపిల్లలు, ముసలమ్మ, నేను, అంతా ఆ పొయ్యి మీదే."

అభ్యంతరాలకి గడువు నెలాఖరు గురువారం. ఆదివారం కూల్చే యంత్రం వస్తుంది. అభ్యంతరం అందకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మిగతా సగం ఉస్తాద్ గారు కలిపారు.

దాఖిల్ పిండి చేతులు తుడుచుకుని ఫోన్లో అభ్యంతరం రాశాడు. పంపాడు. గుండ్రటి చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. మేడెక్కి పంపాడు. ఏటి ఒడ్డుకి పోయి పంపాడు. బజార్లో మేనల్లుడి ఫోను తీసుకుని పంపాడు. ఆఖరికి నా జనరేటరు షెడ్డుకి వచ్చాడు.

"అబూ దర్గామ్, నీకు మిషన్లు తెలుసు కదా. ఇదేదో అంటోంది, చూడు."

చూశాను. "కనెక్షన్ టైమ్ అవుట్ అంటోంది హాజీ. టైము అయిపోయిందట."

"ఎవరి టైము?"

"అది చెప్పడం లేదు."

"నా పొయ్యిదా?"

"నాకు జనరేటరు మిషనే తెలుసు హాజీ. అది ఆగితే పొగ వస్తుంది. దీనికి పొగ కూడా రావడం లేదు."

అభ్యంతరాన్ని కాగితం మీద రాయించుకుని ఉస్తాద్ గారి గుమ్మానికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను, చూడ్డానికి. జువైద్ కుర్చీలోంచి లేవలేదు.

"కాగితాలు తీసుకోం హాజీ. ఈమెయిల్ పంపు."

"పోవడం లేదురా నాయనా."

"అయితే పోవడం లేదని ఈమెయిల్ పంపు."

"అదెలా పోతుంది?"

"నేను కాపలావాణ్ణి హాజీ, ఇంజనీరుని కాను. అవునూ, పొద్దున సమూన్లు రెండు మాడిపోయాయి. ఉస్తాద్ గారు మొహం చిట్లించారు."

* * *

నెల సగం గడిచేసరికి ఉస్తాద్ గారు విలేకరులను పిలిచారు. కాగితాల కాలంలో ఇలాంటి ప్లానుకి అభ్యంతరాలు బస్తాల్లో వచ్చేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. పైగా ప్రశంసలు రోజూ వస్తూనే ఉన్నాయి. రెండు చదివి వినిపించారు కూడా. ఒకటి ఆయన భార్య రాసింది, రెండోది పేరు లేకుండా వచ్చింది కాని అందులో వాక్యాలు ఆయన ఉపన్యాసంలోవే.

"సున్నా!" అన్నారాయన వేళ్ళు గుండ్రంగా చుట్టి. "సున్నా అభ్యంతరాలతో వెడల్పవుతున్న రోడ్డు మనదే. నా గోడ కూడా పోతోంది. నేను నోరెత్తానా? దేశం కోసం ఇస్తున్నాను."

తరువాత కృతజ్ఞతాపత్రాలు పంచారు. మా దగ్గర ప్రభుత్వోద్యోగికి ఒక కృతజ్ఞతాపత్రం వస్తే సర్వీసులో ఒక నెల కలుస్తుంది. ఉస్తాద్ గారిది ధారాళమైన చెయ్యి. కార్డులు అచ్చు వేయించిన గుమాస్తాకి అప్పటికి అందిన పత్రాలన్నీ కలిపి చూస్తే, అతను పుట్టకముందే ఉద్యోగంలో చేరినట్టు తేలిందట.

అంతా ఇలా సవ్యంగా సాగుతుండగా బగ్దాద్ నుంచి ఫోను వచ్చింది. జెనీవాలో ఎలక్ట్రానిక్ పరిపాలన మీద మహాసభ. మా దేశం తరఫున ఉస్తాద్ నాధిమ్ గారి పేరు అనుకున్నారు. ఆహ్వానం మెయిల్లో పంపారు. పోలేదు. మళ్ళీ పంపారు. మళ్ళీ పోలేదు.

"ఏమంటోంది?" అని అడిగారట ఉస్తాద్ గారు.

"టైమ్ అవుట్ అంటోంది ఉస్తాద్."

ఆ క్షణం నుంచి మా వీధిలో టైమ్ అవుట్ అనేది ఒక సమస్యగా గుర్తించబడింది. అంతవరకు అది ప్రజామోదం. ఇప్పుడు విద్రోహం.

కమిటీ వేశారు. కమిటీ మొదట సర్వరును ఆపి, మళ్ళీ పెట్టింది. దానికొక పత్రం. సన్నటి వైరు తీసి లావుపాటిది వేసింది. దానికొక పత్రం. ఒకాయన రౌటరుకి దిష్టి తగిలిందని ఏడు కళ్ళ నీలిపూస వేలాడదీశాడు. ఇంకొకాయన అదే దిష్టికి హర్మల్ గింజల పొగ వేయించాడు. పొగ ఎక్కువై ఇంట్లోవాళ్ళంతా వాకిట్లోకి వచ్చి దగ్గారు. పచ్చదీపం మాత్రం మిణుకుమంటూనే ఉంది. బగ్దాద్ నుంచి ఫోను: "ఉస్తాద్, ఇంకా టైమ్ అవుటే."

దాఖిల్ కూడా ఆ పొగ చూస్తూ తన గుమ్మంలో నిలబడ్డాడు. "నాకు ఇన్నాళ్ళూ ఇదే వస్తోందని ఎవరైనా చెప్పరాదా ఆయనకి?" అన్నాడు.

"చెప్పొచ్చు హాజీ. మెయిల్ పెట్టాలి."

* * *

కమిటీ వల్ల కాక యూనివర్సిటీ నుంచి ఇంజనీరు రుసుల్‌ని పిలిచారు. చిన్నపిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం, కాబట్టి కృతజ్ఞతాపత్రాలు ఆమెకి పనికిరావు. అందుకే కాబోలు సూటిగా మాట్లాడింది.

పరీక్ష బహిరంగంగా జరగాలని ఉస్తాద్ గారి కోరిక. ఆయన ఇంటి పెద్ద హాల్లో కెమెరాలు, కమిటీ, వీధి పెద్దలు. వైర్లు చూడ్డానికని నన్నూ పిలిచారు. అందరికీ పలహారానికి సమూన్ల పళ్ళెం పట్టుకుని హాజీ దాఖిల్ మూలన నిలబడ్డాడు.

రుసుల్ తన కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని, "ఉస్తాద్, మీరు కూర్చున్న చోటినుంచే మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి" అంది.

ఆయన పంపుకున్నారు. వెంటనే గంట మోగింది.

"చూశారా!" అని ఉస్తాద్ గారు సోఫాలోంచి లేచారు. "సిస్టమ్ బ్రహ్మాండంగా ఉంది. లోపం బయట ఉంది."

"బయట అంటే ఎక్కడ ఉస్తాద్?"

"బయట. ఈ గోడకి అవతల."

"గోడకి అవతల ఉన్నది జనం ఉస్తాద్."

"నేననేదీ అదేనమ్మా. జనంలో లోపం ఉంది."

రుసుల్ కంప్యూటర్ మీంచి తలెత్తి, "ఒక్కమాట చెబుతా వినండి" అంది. "మీరు ఒకరింటి తలుపు తట్టారు. లోపల్నుంచి 'పొమ్మ'న్నారు. అది తిరస్కరణ. సర్వరు తిరస్కరిస్తే మనకి ఆ మాట వెంటనే తెలుస్తుంది. ఇక్కడ జరిగేది అది కాదు. తడతారు, తడతారు, ఎవరూ పలకరు. ఉన్నారో లేరో తెలీదు. చేతులు నొప్పెట్టి వెళ్ళిపోతారు. దాన్నే టైమ్ అవుట్ అంటారు."

ఉస్తాద్ గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆలోచించడం నేను దగ్గర్నుంచి చూసింది అప్పుడే.

"అంటే మనం ఎవర్నీ పొమ్మనలేదు."

"అనలేదు."

"ఒక్కర్ని కూడా తిరస్కరించలేదు."

"అసలు పలకనే లేదు ఉస్తాద్."

"రాసుకోండి" అన్నారాయన విలేకరుల వైపు తిరిగి. "ఈ సర్వరు ఇంతవరకు ఒక్క పౌరుణ్ణి కూడా తిరస్కరించలేదు. ఇదీ ఇంజనీరు నివేదిక."

విలేకరులు రాసుకున్నారు. రుసుల్ తల పట్టుకుంది. పట్టుకునే వెతికింది కూడా. వచ్చేవన్నీ ఈ ఇంటిదాకా రావడమే లేదు, వీధికి ఇంటర్నెట్ ఇచ్చే టవరు దగ్గరే రాలిపోతున్నాయి అని తేల్చింది. టవరు ఫలాహ్‌ది. ఫలాహ్ ఉస్తాద్ గారి బావమరిది. కబురు పెడితే చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"ఎవర్రా నా మెయిల్స్ ఆపుతున్నది?" అని గర్జించారు ఉస్తాద్ గారు.

"నేనే బావా."

"నువ్వా?"

"నువ్వే కదా ఆపమన్నావు! సర్వరు పెట్టకముందు, ఎన్నికలప్పుడు వెయ్యిమంది తిట్లు పంపితే, 'ఫలాహ్, బయటనుంచి నా ఇంట్లోకి ఈగ కూడా రాకూడదు' అన్నావా లేదా? అక్క సాక్షి. ఆ రోజే అంతా మూసేశాను. ఈగ వచ్చిందా? రాలేదు. నాకు తప్ప ఊరందరికీ పత్రాలిచ్చావు."

ఎవరో సమూన్ కొరికిన చప్పుడు వినపడింది.

"సరే, ఇప్పుడు తెరువు" అన్నారు ఉస్తాద్ గారు గొంతు తగ్గించి. "బగ్దాద్ వాళ్ళకి మటుకు."

"బగ్దాద్‌కి వేరే, బజారుకి వేరే ఉండదు బావా. నా మిషను పాతసామాన్ల సంతలో కొన్నది. తెరిస్తే అందరికీ తెరుచుకుంటుంది. మూస్తే అందరికీ మూసుకుంటుంది. జెనీవా వచ్చే దార్లోనే హాజీ దాఖిల్ పొయ్యి కూడా వస్తుంది."

ఉస్తాద్ గారు పళ్ళెం పట్టుకున్న దాఖిల్ వైపు చూశారు. కిటికీలోంచి ఎదురుగా ఉన్న బేకరీని చూశారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. తెరిచాక, ప్రజల భద్రత దృష్ట్యా ప్రస్తుత ఏర్పాటే కొనసాగుతుందని ప్రకటించారు. వెంటనే బగ్దాద్‌కి ఫోన్ చేసి, ఆహ్వానాన్ని కాగితం మీద కొట్టించి, కవర్లో పెట్టి, టాక్సీలు ఆగే గ్యారేజీలో మా ఊరి డ్రైవరుకి ఇమ్మన్నారు. మర్నాడు కవరు వచ్చింది, డ్రైవరు సిగరెట్ల వాసనతో. కాగితాలు తీసుకోని జువైద్ దాన్ని రెండు చేతులా అందుకుని లోపలికి పరుగెత్తాడు.

అది మర్నాటి సంగతి. ఆ రోజు హాల్లో, ఉస్తాద్ గారు రుసుల్‌ని పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగడానికి జుట్టు దువ్వుకుంటుంటే, దాఖిల్ నెమ్మదిగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"తల్లీ, ఒక్క మాట. ఈ హాల్లో కూర్చుని పంపితే అందుతుందన్నమాట."

"అందుతుంది మావా. ఈ ఇంటి వైఫైలో ఉంటే చాలు."

"ఎంతమంది పంపినా?"

రుసుల్ అతని మొహంలోకి చూసింది. మొదటిసారి నవ్వింది. "ఎంతమందైనా."

* * *

గడువు గురువారం నాడే ఉస్తాద్ గారు విందు పెట్టారు. సున్నా అభ్యంతరాలకీ, జెనీవాకీ కలిపి ఒక్కటే విందు. మా దగ్గర మాంసం వాసన ఎంతదూరం పోతే పిలుపు అంతదూరం పోవాలి, లేకపోతే పరువు తక్కువ. ఆ రోజు గాలి ఏటివైపు నుంచి వీస్తోంది. వీధి మొత్తం వచ్చింది.

మిట్టమధ్యాహ్నం, బయట నిప్పులు చెరిగే ఎండ. హాల్లో నా కరెంటు మీద కూలర్లన్నీ హోరుమంటున్నాయి. పెద్ద పెద్ద పళ్ళేల్లో అన్నం, మీద గొర్రె. చుట్టూ తెగల పెద్దలు, కెమెరాలు. భోజనానికి ముందు చేదు కాఫీ వచ్చింది. గిన్నె ఒక్కొక్కరి చేతికీ వెళ్తోంది, తాగుతున్నారు, తిరిగి ఇస్తున్నారు. హాజీ దాఖిల్ దగ్గరికి వచ్చింది. అతను అందుకున్నాడు. తాగలేదు. కింద, తన మోకాలి ముందు పెట్టాడు.

కాఫీ పోసేవాడు అక్కడే ఆగిపోయాడు.

అతిథి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. తీరుస్తానని ఇంటాయన మాట ఇచ్చేదాకా తాగడు. అదేమిటో ముందుగా అడగకూడదు. మాట ఇవ్వకపోతే ఇంటాయన తలపాగా పోయినట్టే. ఉస్తాద్ గారు ఎలక్ట్రానిక్ మనిషే కాని, తెగల పెద్దలు అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన మొహం పిండిముద్దలా తెల్లబడింది. కిటికీలోంచి పొయ్యి గొట్టం కనపడుతోంది.

"హాజీ... తాగు" అన్నారు చివరికి. "నువ్వు అడగబోయేది అయినట్టే."

"మాటేనా ఉస్తాద్?"

"మాటే."

దాఖిల్ కాఫీ గటగటా తాగేశాడు. మీసం తుడుచుకున్నాడు. "మీ వైఫై పాస్‌వర్డ్ కావాలి" అన్నాడు.

ఉస్తాద్ గారు ముందు ఊపిరి వదిలారు. తర్వాత నవ్వారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇంతేనా! ఓ హాజీ, నన్ను చంపేశావు కదయ్యా! ఒరే జువైద్, పాస్‌వర్డ్ గట్టిగా చదువు, హాల్లో అందరికీ! నా ఇంట్లో అన్నానికి అడ్డులేదు, ఇంటర్నెట్‌కి అడ్డులేదు!"

జువైద్ గట్టిగా చదివాడు. కెమెరాలు చూపించాయి.

భోజనాలయ్యాయి. చేతులు కడుక్కుని, టీ గ్లాసులు పక్కన పెట్టుకుని, వీధి యావత్తూ ఫోన్ల మీదికి వంగింది. ఉస్తాద్ గారు మురిసిపోయారు. "చూశారా" అన్నారు పక్కనున్న పెద్దాయనతో, "ప్రజలు ఎంత వినయంగా తలలు వంచుకు కూర్చున్నారో." ఆయన జేబులో గంట మోగింది. మళ్ళీ మోగింది. ఆ తర్వాత ఆగకుండా మోగింది, ఐస్‌క్రీం బండిలాగ.

"అభినందనలే అయ్యుంటాయి" అని ఆయన ఫోను తీసి చదివారు. ఇంకొకటి చదివారు. గ్లాసు కింద పెట్టారు.

నాకు కనుసైగ చేశారు. దగ్గరికి వెళ్ళాను.

"అబూ దర్గామ్, లైను కొయ్యి."

"మీది గోల్డెన్ లైను ఉస్తాద్."

"తెలుసు. కొయ్యి. ఇప్పుడే."

"కోసేస్తాను. కాని కూలర్లు ఆగిపోతాయి. ఈ ఎండలో, తెగల పెద్దల ముందు... రేపు ఏమంటారో ఆలోచించండి. నాధిమ్ అతిథులకి అన్నం పెట్టి, గాలి ఆపేశాడు అంటారు. మీ మనవలు పెళ్ళిళ్ళు చేసుకునేదాకా అంటారు."

ఆయన కూర్చుండిపోయారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. నేను నా చోటికి పోయి టీ పూర్తి చేశాను. మంచి టీ.

పొద్దుగూకింది. మనిషి చెయ్యి తగలకుండా, అభ్యంతరాలన్నీ వాటంతటవే బగ్దాద్‌కి వెళ్ళిపోయాయి.

* * *

శనివారం సాయంత్రం టాక్సీ డ్రైవరు బగ్దాద్ నుంచి మళ్ళీ ఒక కవరు తెచ్చాడు. ఉస్తాద్ గారు తన గుమ్మం మెట్టు మీద నిలబడి, వీధి అంతటినీ పిలిపించి, పైకి చదివారు. ఇలాంటివి దాచే మనిషి కాదాయన.

"అందిన అభ్యంతరాలన్నీ పరిశీలించడమైనది. అన్నీ సమంజసమైనవని తేలినది. అన్నిటినీ ఆమోదించడమైనది."

వీధి కేరింతలు కొట్టింది. ఆడవాళ్ళు మేడల మీంచి సంబరపు కూతలు వేశారు. దాఖిల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా ఉంది" అన్నారు ఉస్తాద్ గారు, చూపుడువేలెత్తి. "అభ్యంతరాలన్నియు ఒకే ఇంటి కనెక్షన్ నుంచి వచ్చినందున, అభ్యంతరము ఆ ఇంటికి సంబంధించినదిగా భావించి, సదరు నాధిమ్ అబ్దుల్ వాహిద్ గారి ఇంటిని, ప్రహరీ గోడను, కాపలా గదిని విస్తరణ నుండి మినహాయించడమైనది. అందువల్ల తగ్గిన వెడల్పును ఎదుటి వరస నుండి తీసుకొనవలెను."

కూతలు ఒక్కొక్క మేడ మీదా ఆగిపోయాయి.

ఉస్తాద్ గారు కాగితం నాలుగు మడతలు పెట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను, నిజం నీళ్ళే. "నా గోడ దేశానికి ఇచ్చేద్దామనుకున్నాను" అన్నారు. "మీరు వద్దన్నారు. వీధంతా కలిసి, నా ఇంట్లో కూర్చుని వద్దన్నారు. ప్రజల మాట నేనెలా కాదంటాను?"

ఆదివారం పొద్దున్నే యంత్రం వచ్చింది. దాఖిల్ ఆఖరి వాయి తీసి, తట్టలన్నీ సందులోకి చేరేసి, తనే పక్కకి జరిగాడు. పొయ్యి గట్టిది. నాలుగు దెబ్బలకి గాని పడలేదు. పడ్డాక కూడా ఇటుకలు చాలాసేపు వేడిగా ఉన్నాయి. పిల్లలు ముట్టుకుని చేతులు లాక్కుంటున్నారు.

పొయ్యి గది మొత్తం రోడ్డయింది. సందు వైపు తెరుచుకునే కౌంటరు మాత్రం మిగిలింది. దుమ్ము అణిగాక ఉస్తాద్ గారు విలేకరులతో వచ్చి, దాని ముందు ఎర్ర రిబ్బను కట్టించారు.

"కొందరు బేకరీ కూల్చామని ప్రచారం చేస్తున్నారు" అన్నారు. "కళ్ళున్నవాళ్ళు చూడండి. కౌంటరు చెక్కు చెదరలేదు. త్రాసు ఉంది. బోర్డు ఉంది. హాజీ ఉన్నాడు. వ్యాపారం యథాతథంగా సాగుతుంది."

రిబ్బను కత్తిరించారు. ఫోటోగ్రాఫరుకి ఫోటోలో ఒక సమూన్ కూడా ఉంటే బాగుండుననిపించింది. అందరూ కౌంటరు వైపు చూశారు. దాఖిల్ కౌంటరు వైపే చూశాడు. ఉస్తాద్ గారు చిటికె వేశారు. జువైద్ మోటారు సైకిలెక్కి ఎటో పోయి, చాలాసేపటికి ఒక సంచీతో వచ్చాడు. ఉస్తాద్ గారు ఆ సంచీని దాఖిల్ చేతికిచ్చి, కౌంటరు వెనక నిలబెట్టి, తను ఇవతలికి వచ్చి, చెయ్యి చాపారు. దాఖిల్ ఒక సమూన్ తీసి ఇచ్చాడు. ఆయన కెమెరా వైపు తిరిగి కొరికారు.

"ఆహా" అన్నారు. "పొయ్యిలోంచి ఇప్పుడే తీసినట్టుంది."

దాఖిల్‌కి అక్కడికక్కడే ఒక కృతజ్ఞతాపత్రం ఇచ్చారు. అతను ప్రభుత్వోద్యోగి కాడని గుమాస్తా గుర్తుచేస్తే, రొట్టెలు కాల్చే సర్వీసులో ఒక నెల కలుపుకోమన్నారు. తరువాత అందరూ కార్లెక్కారు. ఆ రాత్రికే ఆయన జెనీవాకి బయల్దేరాలి.

జువైద్ సంచీ వెనక్కి తీసుకోవడానికి ఆగాడు. దాఖిల్ సంచీ ఇచ్చాడు కాని వెంటనే వదల్లేదు.

"ఇవి ఎక్కడ దొరికాయి నీకు?"

"వంతెన అవతల హాజీ. కొత్త దుకాణం."

"పొద్దున్నే తెరుస్తాడా?"

"తెల్లారకముందే తెరుస్తాడట. ఎందుకు?"

"రేపు మా ఇంటికి కావాలి" అని దాఖిల్ సంచీ వదిలేసి, గుడ్డ తీసుకుని, కౌంటరు మీద దుమ్ము తుడవసాగాడు.